స్టెప్నీ లేని కారు

ఆదిశేషు భార్య యశోదకు మాట పడిపోయి పదకొండు నెలలు దాటింది. రావలసిన మాటలో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే వస్తుందని ఒంగోలు డాక్టరు చెప్పాడు. ఆ లెక్కన ఇంకో మూడు వారాలున్నాయి. ఆదిశేషు రోజూ పొద్దున్నే ఆమెను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా పీట వేసుకుని, ఉప్పు అనమంటాడు, అన్నం అనమంటాడు, తన పేరు పెట్టి పిలవమంటాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా మొగుడి పేరు పలకని మనిషి ఆమె. పాపం నోరు తెరుస్తుంది, మెడ నరాలు బిగుసుకుంటాయి, చివరికి ‘ఆఁ’ అని మాత్రం వస్తుంది. ఈ మధ్య అతను ఆ మాటలన్నీ వదిలేశాడు. కనీసం తిట్టు, నోటికొచ్చిన తిట్టు తిట్టు అని బతిమాలుతున్నాడు. వాళ్ల ఇల్లు మా దుకాణం వెనక సందులోనే కాబట్టి నాకు రోజూ వినపడుతుంది.

ఇదంతా కళ్లారా చూస్తూ కూడా మా బజారులో కొందరు నా గల్లాపెట్టె దగ్గర నిలబడి, ‘ఇంతకూ ఆదిశేషు ఆ కారుకు అంత పెట్టడం తగునా మామా’ అని అడుగుతారు. నన్నే ఎందుకు అడుగుతారంటే, మార్కాపురంలో ముప్పై నాలుగేళ్లుగా కార్ల సామాన్లు అమ్ముతున్నవాణ్ణి నేను. ఈ నాగభూషణరావు చెప్పాడంటే ఇక తిరుగులేదని టాక్సీ స్టాండు మొత్తానికీ నమ్మకం. ఆ నమ్మకం గురించే నేను చెప్పవలసింది ఉంది. ఆ ప్రశ్న అడిగినవాళ్లను ఇద్దరు ముగ్గురిని కసిరి పంపించాను. కోపం వాళ్ల మీద కాదని నాకూ తెలుసు.

ఆదిశేషుది తర్లుపాడు దగ్గర పల్లె. పలకల వ్యాపారి దగ్గర వ్యాను తోలడానికి కుర్రతనంలో మార్కాపురం వచ్చాడు. తర్వాత బస్టాండు పక్కనున్న టాక్సీ స్టాండులో సొంతంగా ఒక కారు పెట్టుకున్నాడు. అది పాతబడితే అదే రకం ఇంకోటి, అదీ పాతబడితే మళ్లీ అదే రకం. ఇరవై ఆరేళ్లు ఆ స్టాండులోనే. పెళ్లివాళ్లను, పురిటివాళ్లను, శ్రీశైలం యాత్రికులను, పరీక్షలకు పోయే పిల్లలను మోశాడు. ఎనభై దాటి తోలేవాడు కాదు. ఎనభై దాటితే డీజిలు తాగుతుంది, వెనక కూర్చున్న ముసలమ్మలు దేవుణ్ణి తలుచుకుంటారు. మనిషి అంత నెమ్మది. అతని కారులో పిల్లలు వాంతులు చేసుకోరని తల్లులు చెప్పుకునేవారు. నేనయితే ‘నిన్ను సైకిలు దాటిపోతుంది గదా అల్లుడా’ అని ఆటపట్టించేవాణ్ణి. నవ్వేవాడు.

మా స్టాండులో ఒక పద్ధతి ఉంది. అక్కడ ఉండేది ఇరవై రెండు కార్లు, ఇరవై రెండూ ఒకే రకం. మెకానిక్కులకు తెలిసిన బండి, సామాన్లు నా దగ్గర దొరికే బండి, అందుకని అందరూ అదే కొంటారు. దానివల్ల స్టెప్నీ ఎవరిదీ సొంతం కాదు. గిద్దలూరు దారిలోనో దోర్నాల అడవిలోనో టైరు పోతే, స్టాండుకు ఫోన్ చేయడమే. దగ్గర్లో ఉన్నవాడు తన స్టెప్నీ తెచ్చి బిగించి, పోయిన చక్రం పట్టుకెళ్లి బాగు చేయించుకుంటాడు. ఎవరి చక్రం ఎవరి బండికి తిరుగుతోందో అడిగినవాడు లేడు. పది నిమిషాల పని. ఇరవై ఆరేళ్లలో ఆదిశేషు దారిలో చిక్కుకున్నది లేదు, ఎవరినీ చిక్కుకోనిచ్చిందీ లేదు.

రెండేళ్ల కిందట ఒక రాయి వ్యాపారి కుటుంబాన్ని బెంగుళూరు తీసుకెళ్లాడు. వాళ్లు పెళ్లి బట్టలు కొంటున్నంతసేపూ తను ఒక షోరూము అద్దం బయట నిలబడ్డాడట. లోపల తన కారే ఉంది. అదే ముక్కు, అదే దీపాలు, అదే డోర్లు. కాకపోతే నేలకు ఆనుకుని ఉంది, పెద్ద చక్రాలు, సన్నటి టైర్లు, నడుమున ఒక ఎర్ర గీత. లోపలికి పోయి అడిగితే, మామూలు కారులో రెండింతల బలమున్న ఇంజను పెట్టి, బ్రేకులు మార్చి, దేశం మొత్తానికీ అయిదువందలే చేశారని, ఇక చేయరని చెప్పారు. గేరు రాడ్డు పక్కన చిన్న రేకు మీద దాని వరస నంబరు చెక్కి ఇస్తారట. ధర కూడా రెండింతలే.

మార్కాపురం వచ్చాక అతను వేరే మాట మాట్లాడలేదు. పెట్రోలు బంకులో, టీ అంగట్లో, నా దుకాణంలో అదే గోల. ఎర్ర గీతకు అంత డబ్బా అని నేను వెక్కిరిస్తే నొచ్చుకున్నాడు. ఇన్నేళ్లూ ఊరందరికీ ఉన్న కారే తోలాను, ఎవరికీ లేనిది ఒక్కటి తోలి చూడాలని ఉందని అన్నాడు. అదేం పెద్ద కోరిక కాదు. ఏభై దాటిన మగవాడికి అంతకంటే పనికిమాలిన కోరికలు పుట్టడం నేను చాలా చూశాను.

డబ్బు యశోదది. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన చేను రోడ్డు వెడల్పులో పోయి, దానికి పరిహారం వచ్చింది. యశోద నోరు పెద్దది. పలకల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి చట్రాలు బిగించిన మనిషి, ఆ యంత్రాల చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు అలా తయారైంది. సందులో ఆమె కూరగాయలు బేరమాడితే మా దుకాణంలో నాకు ధరలు తెలిసేవి. ఆమె అడ్డుపడుతుందనే అనుకున్నాం అందరం. ఆమె మొగుణ్ణి మా దుకాణం ముందే నిలబెట్టి అన్న మాట ఇది.

“ఇరవై ఆరేండ్లు ఊరోళ్లను ఎక్కించుకొని మెల్లంగ తోలినావు. నీకోసరం ఒకటి తెచ్చుకో. నేను ముందు సీట్లో కూసుంటా.”

కారు వచ్చింది. రేకు మీద మూడువందల పదిహేడు అని ఉంది. పాత కారును రోజు లెక్కన తోలుకోమని ప్రవీణ్ కుమార్ అనే డ్రైవరుకు అప్పగించాడు.

వచ్చిన మొదటి వారం ఆదిశేషు అవస్థ చూడాలి. బజారులో ఒక్కడు ఆ కారును గుర్తుపట్టలేదు. పాత కారు కడిగించావా అన్నాడొకడు. కంభం మనిషి ఒకడు డోరు తీసి ఎక్కి కూర్చుని, కనిగిరికి ఎంత తీసుకుంటావన్నాడు. ఇతను ఓపిగ్గా బానెట్ ఎత్తి చూపించేవాడు, రేకు చూపించేవాడు, అయిదువందలే చేశారని చెప్పేవాడు. విన్నవాళ్లు ఓహో అని వెళ్లిపోయేవారు. ఇక స్పీడుబ్రేకర్లు. మా ఊళ్లో స్పీడుబ్రేకరంటే కొలతలుండవు, ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకుంటారు. కారు అడుగు గీసుకుపోతుందని యశోద దిగి, ఆవలికి నడిచి, మళ్లీ ఎక్కేది. ఇంత డబ్బు పోసి నడుచుకుంటూ పోయేదాన్ని నేనొక్కదాన్నేనని బజారంతా వినేలా అనేది. నవ్వుతూనే అనేది.

కారు మంచిది కాదని నేను చెప్పలేను. ఒక ఆదివారం నన్ను ఎక్కించుకుని గిద్దలూరు రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. కంభం దాటాక తిన్నటి రోడ్డు మీద ఒక్కసారి తొక్కాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. అరవై ఒకటో ఏట, షుగరున్న మనిషిని, చిన్నపిల్లాడిలా నవ్వాను. పక్కకు చూస్తే ఆదిశేషు ముఖంలో నేను ఎన్నడూ చూడని వెలుగుంది. అందుకే తగునా తగదా అని అడిగేవాళ్లకు నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు.

ఇక నా పాపం. ఆ కారు డిక్కీలో స్టెప్నీ లేదు. బరువు తగ్గించడానికి తీసేశారట. దాని బదులు టైరులో పోసే జిగురు సీసా ఒకటి, గాలి కొట్టే చిన్న మిషను ఒకటి ఇచ్చారు. ఆదిశేషు టాక్సీవాడు కాబట్టి డిక్కీ ఖాళీగా ఉండడం అతనికి మింగుడుపడలేదు. కంపెనీవాళ్లను అడిగితే చక్రం తెప్పించడానికి రెండు నెలలన్నారు. తెప్పించనా మామా అని నన్ను అడిగాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. కారు నా వాకిట్లోనే ఉంది. చక్రం మధ్యలో బోల్టులు చూశాను. నాలుగు. మధ్య దూరం అదే. మన కార్ల చక్రమే పడుతుంది, స్టాండు నిండా ఉన్నాయి, రెండు నెలలెందుకు, డబ్బులెందుకు అన్నాను. వంగి ఆ బోల్టుల వెనక ఎంత లావు బ్రేకు ఉందో చూడలేదు. ఒక చక్రం తెచ్చి పెట్టి చూద్దామనీ అనలేదు. నాగభూషణరావు చెప్పాక పెట్టి చూడడమెందుకని అతనూ అనుకున్నాడు.

డిసెంబరులో దోర్నాలలో యశోద చెల్లెలి కూతురికి సీమంతం. ఇద్దరూ కొత్త కారులోనే పోయారు. పొద్దున తొమ్మిదీ నలభైకి యశోద చేతిలో టీ గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకు వంగింది. ఏదో చెప్పబోయి చెప్పలేకపోయింది. ఆ పక్కింట్లో ఫెబీ అని నర్సుగా పనిచేసే అమ్మాయి ఉంది. పరుగున వచ్చి చూసింది. ఇది పక్షవాతమని, మార్కాపురంలో ఆగొద్దని, నేరుగా ఒంగోలు పెద్దాసుపత్రికి పోవాలని, అక్కడ ఇచ్చే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపు పడితేనే పనిచేస్తుందని చెప్పింది. రెండూ పదికల్లా మందు పడాలి బాబాయ్ అని అతని అరచేతి మీద బాల్‌పెన్నుతో ఆ టైము రాసింది. అంబులెన్సుకు ఫోన్ చేయనా అని కూడా అడిగిందట. మన కారే ముందుపోతుందన్నాడు ఆదిశేషు.

మామూలు కారుకు దోర్నాల నుంచి ఒంగోలుకు మూడు గంటలు. ఇతను రెండు గంటలు చాలనుకున్నాడు. మార్కాపురంలో ఆగకుండా దాటాడు. పొదిలి రోడ్డు మీద నూట నలభై తోలాడు. ఆ రోడ్డు మీద ఇరవై ఆరేళ్లు ఎనభై దాటని మనిషి. కారు దేనికోసం పుట్టిందో ఆ పని చేస్తోంది. ఆ కాసేపు తనకు సంతోషం కలిగిందని, పక్కన యశోద మూతి వంకరపోయి కూర్చుని ఉండగా తనకు సంతోషం కలిగిందని, తర్వాత నాకు చెప్పి చెంపలు వాయించుకున్నాడు.

కొనకనమిట్ల దగ్గర కల్వర్టు పని జరుగుతోంది. మట్టి పోసి వదిలేసిన చోట పదునైన సిమెంటు అంచు ఒకటి తేలి ఉంది. మన మామూలు టైరుకు అది దబ్బుమని ఒక దెబ్బ, అంతే. సన్నటి టైరు నిలువునా చీలిపోయింది, ముందు ఎడమ చక్రం. జానెడు చీలికకు జిగురు సీసా ఏం చేస్తుంది? టైము పది యాభై. ఆదిశేషు ముందు స్టాండుకు ఫోన్ చేశాడు. ప్రవీణ్ కుమార్ పొదిలిలో ఖాళీగా ఉన్నాడని తెలిసి అతనికి చేశాడు. స్టెప్నీ తీసుకురమ్మన్నాడు. కారు తీసుకురమ్మనలేదు. ఇరవై ఆరేళ్లుగా టైరు పోతే ఫోనులో చెప్పే మాట అదే, నోటికి అదే వచ్చింది. ఈలోగా ఒక పాల వ్యాను ఆగింది, పొదిలి పోయే ఆటో ఆగింది. ఇద్దరికీ స్టెప్నీ వస్తోందని చెప్పి పంపించేశాడు.

ప్రవీణ్ కుమార్ పదకొండూ ఇరవైకి వచ్చాడు. వచ్చింది ఆదిశేషు పాత కారులోనే. అప్పటికప్పుడు యశోదను అందులోకి మార్చి ఉంటే ఒంటిగంటకల్లా ఒంగోలులో ఉండేవాళ్లు. గంట పైన మిగిలేది. ప్రవీణ్ ఆ మాట అన్నాడు కూడా. అక్కను ఇందులో ఎక్కించుకుందాం అన్నా అన్నాడు. ఆదిశేషు లెక్క వేరు. నీ బండి గంటన్నర పడుతుంది, చక్రం మార్చడం పది నిమిషాలు, ఆ తర్వాత నా బండి ముప్పావుగంటలో పోతుంది అన్నాడు. అంత వేగంగా పోయే కారు లేకపోతే ఆ లెక్క అతనికి తట్టేదే కాదు.

చక్రం పెట్టారు. బోల్టులు నాలుగూ సరిగ్గానే ఎదురయ్యాయి. కానీ చక్రం లోపలికి పోవడంలేదు. లావుపాటి బ్రేకు చక్రం లోపలి అంచుకు తగులుతోంది. అప్పుడు ఆదిశేషు నాకు ఫోన్ చేశాడు. అన్న మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

“యశోదకు మాట పోయింది మామా. చక్రం పట్టడంల్యా.”

రెండు మాటలు చెప్పాడు. నేను రెండో మాటకు జవాబు చెప్పాను. ముప్పై నాలుగేళ్ల అలవాటు, నా చెవికి చక్రమే వినపడింది. మొదటి మాట నా చెవిలో పడలేదని అబద్ధం చెప్పను. పడింది. చక్రం సంగతి తేలితే అదీ తేలుతుందనుకున్నాను. వెనక చక్రం తీసి ముందుకు వెయ్యి, మన చక్రం వెనక్కి వెయ్యి, వెనక బ్రేకు చిన్నగా ఉంటుంది అన్నాను. ఆ కారు వెనక చక్రం విప్పడానికి ప్రత్యేకమైన పానా కావాలి. అది సీటు కింద ఎక్కడో ఉంది, వెతికి తీశారు. జాకీ వెనక్కి మార్చారు. విప్పారు. వెనక బ్రేకూ లావే. మళ్లీ ఫోన్ వచ్చింది. అప్పటికి పన్నెండు దాటింది. నేనింకా కుర్చీలోనే ఉన్నాను. వాషర్లు నాలుగైదు చొప్పున పెట్టి చక్రాన్ని బయటికి జరుపు, తగలదు అన్నాను. లారీలవాళ్లకు అలా చెప్పి ఎన్ని బళ్లు కదిలించానో. పొదిలి వైపు నుంచి వస్తున్న ట్రాక్టరును ఆపి వాషర్లు అడిగి తీసుకున్నారు. బిగించారు. చక్రం తిరిగింది. ప్రవీణ్ కేక వేశాడట సంతోషంతో. అర కిలోమీటరు పోయాక బోల్టులు రెండు తెగి కారు రోడ్డు అంచుకు కూలబడింది.

అప్పుడు యశోదను ఎత్తి పాత కారులో పడుకోబెట్టారు. పన్నెండూ యాభై. ఆ కారును ఎంత తొక్కినా దాని శక్తి అంతే. ఒంగోలు ఆసుపత్రి గేటు దాటేసరికి రెండూ ఇరవై ఐదు. స్కానింగ్ తీశారు. డాక్టరు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, ఒక గంట ముందు రావలసింది అన్నాడు. ఆదిశేషు అతని ముందు అరచెయ్యి చాపి, రెండూ పది దాటి పావుగంటే గదా సార్ అని ఏడ్చాడట. స్కానింగుకే అరగంట పట్టింది, టైము దాటాక ఆ ఇంజక్షను ఇస్తే మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదముంది, ఇవ్వకూడదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ప్రవీణ్ నాకు సాయంత్రం ఫోనులో ఇదంతా చెబుతుంటే నా చేతిలో ఎవరికో ఇవ్వవలసిన బేరింగు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు.

ఆసుపత్రిలో ఇరవై రోజులున్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. కాలు కొంచెం వచ్చింది, పట్టుకుంటే నడుస్తుంది. మాట రాలేదు. వినడానికి, అర్థం చేసుకోవడానికి ఏ లోపమూ లేదని, లోపల మాటలన్నీ ఉన్నాయని, బయటికి వచ్చే దారే మూసుకుపోయిందని డాక్టరు చెప్పాడు. అంత నోరున్న మనిషి. ఇప్పుడు ఆ సందులో కూరగాయలబ్బి చెప్పిన ధరకే ఆదిశేషు కొనుక్కుంటున్నాడు.

కారును ప్రవీణ్ ఎవరో బండివాణ్ణి పిలిచి ఎక్కించుకుని తెచ్చి వాళ్ల ఇంటి పక్క పెట్టాడు. ఆరు నెలలు అక్కడే దుమ్ము పట్టి పడి ఉంది. ఆదిశేషు అటు చూసేవాడు కాదు. జూనులో బెంగుళూరు నుంచి లక్ష్మీకాంత్ అని ఒకాయన పెద్ద వ్యాను వేసుకుని వచ్చాడు. ఇలాంటి కార్లు కొని దాచుకోవడం ఆయన సరదా. ఇంజను స్టార్ట్ చేయమని కూడా అడగలేదు. లోపలికి వంగి రేకు మీద నంబరు చూశాడు, చక్రాలు నాలుగూ అసలువేనా అని చూశాడు, చాలా జాగ్రత్తగా ఒక గుడ్డతో ఎర్ర గీతను తుడిచాడు. ఆదిశేషు కొన్నదానికంటే ఎక్కువే ఇచ్చాడు. తను దీన్ని రోడ్డు మీద తోలనని, తోలితే విలువ పడిపోతుందని నాతో అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయనను ఏమనాలి? ఆయన తప్పేముంది? ఆదిశేషు ఆ డబ్బు మొత్తం మాట నేర్పే డాక్టరుకు పోస్తున్నాడు. వారానికి రెండుసార్లు ఒంగోలు. పాత కారులో, ఎనభై దాటకుండా.

అతను ఒక్కనాడు కూడా నా వైపు వేలు చూపలేదు. దుకాణానికి వస్తాడు, ఆయిల్ కొంటాడు, మామా అనే పిలుస్తాడు. స్టాండులోనూ ఎవరూ ఏమీ అనరు. అందరూ కారును తిట్టారు, కంపెనీని తిట్టారు, కల్వర్టు కాంట్రాక్టరును తిట్టారు. కుర్చీలోంచి లేవకుండా మూడుసార్లు చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టలేదు. అది నాకు ఎంత బరువైందంటే, అన్నం ముందు కూర్చుంటే సయించదు. మా ఆవిడ అన్నపూర్ణ, పోయి చెప్పి రా, ఇట్లా మాడిపోతే నువ్వు కూడా మంచాన పడతావంది.

మొన్న సోమవారం పొద్దున పోయాను. ఆదిశేషు వరండాలో పీట మీద కూర్చుని యశోద కుడి చేతి వేళ్లు ఒక్కొక్కటే సాగదీస్తున్నాడు. కుర్చీలో ఆమె నన్ను చూసి తల వంచి పలకరించింది. నేను నిలబడే చెప్పాను. చక్రం పెట్టి చూడకుండా పడుతుందన్నది నేనని, యశోద మాట పోయిందని అతను చెబితే కారు ఏదన్నా పిలుచుకుని ఎక్కించుకుపొమ్మని చెప్పక వెనక చక్రం విప్పమన్నది నేనని, వాషర్లు పెట్టమన్నదీ నేనేనని చెప్పాను. నా వల్లనే ఆమె మాట పోయిందని అన్నాను. అరవై రెండేళ్లొచ్చాయి, ఆ వరండాలో గుక్కపట్టి ఏడ్చాను.

ఆదిశేషు ఆమె వేళ్లు వదల్లేదు. నన్ను కూర్చోమన్నాడు. నా ముఖం చూడకుండా చెప్పాడు.

“నువ్వు దూరంగ ఉండి చెప్పినావు మామా. దగ్గరుండింది నేను. ప్రవీణు మన పాత బండి తెచ్చి పక్కన ఆపినాడు గదా. ఈమె ఈ ఎడం చెయ్యి ఎత్తి దాన్ని చూపించింది. నేను, వచ్చిందిలే స్టెప్నీ, పది నిమిషాలే అన్నా. వెనక చక్రం ఇప్పేటప్పుడు మళ్ల చూపించింది. దప్పికైందేమో అనుకొని నీళ్లు పట్టినా. తాగల్యా. మెడ మీద కారిపోతే తువ్వాలతో తుడిచి మళ్ల చక్రం కాడికి పోయినా. వాషర్లు బిగిస్తాంటే నా చొక్కా పట్టుకొని లాగింది. ఇడిపించుకొని పోయినా. ఆ బండిలో ఎక్కించమని అడిగింది మామా. మూడుసార్లు అడిగింది.”

కుర్చీలో యశోద అవునని తల ఊపింది.